పదకొండో వచనానికి ముందున్న పది

మా చర్చిలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగియగానే వాగ్దానం కార్డులు, అంటే ఒక్కో బైబిలు వచనం అచ్చేసిన కార్డులు, పంచుతారు. స్టీలు పళ్లెంలో బోర్లించి పెట్టినవాటిలోంచి తలా ఒకటి తీసుకుని, పక్కవాళ్ళకేం వచ్చిందో తొంగి చూసుకుంటూ కేకు తింటాం. 2016 చివరి రాత్రి నాకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మన గురించి తలపెట్టినవి సమాధానకరమైన ఉద్దేశాలేగానీ హానికరమైనవి కావు అనే వచనం. అక్షరాల వెనక సూర్యోదయం బొమ్మ. పర్సులో పెట్టుకున్నాను.

నేను గుంటూరులో ఒక మిర్చి కొట్టులో గుమాస్తాని. రోజూ పరాయి సరుకు లెక్కలు రాసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు సొంత సరుకు మీద ఆశ పుడుతుంది. ఆ సంక్రాంతికి దాచుకున్న డబ్బు, మా ఆవిడ గాజుల మీద తెచ్చిన అప్పు కలిపి నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొన్నాను. కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, వేసవి దాటాక అమ్ముదామని ప్లాను. కార్డులో ఆ మాట ఉండగా భయమెందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ కార్డే రాకపోతే ఇరవై టిక్కీలతో ఆగేవాణ్ణి.

అదే జనవరి ఒకటిన ఇంకో పని కూడా మొదలుపెట్టాను, ఏడాదిలో బైబిలు మొత్తం చదవడం. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. బైబిల్లో 1,189 అధ్యాయాలు కాబట్టి 52 వారాల్లో అయిపోయి ఇంకా ఏడు మిగులుతాయి. గుమాస్తాకి లెక్క కుదిరితే చాలు కదా. ఆదికాండము పరుగెత్తింది. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారం కొలతల దగ్గర కాస్త నెమ్మదించింది. ఫిబ్రవరికి లేవీయకాండములోకి వచ్చాను, అదే ఫిబ్రవరికి యార్డులోకి కొత్త కాయ కూడా వచ్చింది. రాత్రి పదింటికి ఇంటికొచ్చి, ఎంత కడిగినా ఘాటు వదలని చేతులతో పేజీలు తిప్పేవాణ్ణి. నిద్ర ఆపుకోడానికి కళ్ళు నులుముకోవడం, మంటకి లేచి వెళ్ళి మొహం కడుక్కోవడం, మళ్ళీ కూర్చోవడం. కుష్ఠు పొడల గురించి ఉండే 13వ అధ్యాయం అంచున నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఎర్రగా ఉంది. ఆ ఏడాది ప్లానులో నేను చదివిన చివరి పేజీ అదే.

తర్వాత సంగతి మిర్చి పండించినవాళ్ళకీ అమ్మినవాళ్ళకీ చెప్పనక్కర్లేదు. 2017 వేసవికి ధర కుప్పకూలింది. క్వింటాలు 5,000 చొప్పున కొంటామని కేంద్రం మే నెలలో పథకం ప్రకటించింది. అది రైతు కోసం, నాలాంటి ఆశబోతు కోసం కాదు. నా నలభై టిక్కీలు కొన్న ధరలో సగం కూడా పలకలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి, పాటల పుస్తకం తెరిచేవాణ్ణి, నోరు మాత్రం తెరుచుకునేది కాదు. ఇంట్లో ప్రార్థన మా ఆవిడే చేసేది. నేను ఆమేన్ అనేవాణ్ణి, అదీ పిల్లలు చూస్తున్నారని.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. సండే స్కూల్లో నాకు చెప్పినాయన, రిటైరైన తెలుగు పండితులు. నష్టం సంగతి ఆయనకి అప్పటికే తెలుసు. నేను కార్డు తీసి బల్ల మీద పెట్టాను, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు.

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇది పదకొండో వచనం. దీనికి ముందు పది ఉండాలే, అవేమయ్యాయిరా?" అన్నారు.

నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఆ వచనం కనీసం వందసార్లు విని ఉంటాను, క్యాలెండరు మీద, స్టిక్కరు మీద, వాట్సాప్ గుడ్‌మార్నింగ్‌లో. ఆ అధ్యాయం మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు. ఆయన తన బైబిలు నా వైపు తిప్పి, పైకి చదవమన్నారు. తీరా చూస్తే అదొక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి రాసినది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి, డెబ్బై ఏళ్ళు గడిచాకే మిమ్మల్ని వెనక్కి రప్పిస్తాను అని. ఆ డెబ్బై ఏళ్ళ మాట సరిగ్గా పదో వచనంలో, నా కార్డు వచనాన్ని ఆనుకునే ఉంది. ఆ ఉత్తరం చేతికందిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది అక్కడే పోయుంటారు.

"ఒక పేజీ వెనక్కి వెళ్ళు" అన్నారు. 28వ అధ్యాయంలో హనన్యా అని ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుందని అందరి ముందూ చెబుతాడు, ఆ మాట దేవుడు పలికించింది కాదని తేలుతుంది. మాస్టారు కార్డు నా చేతికిచ్చేస్తూ అన్నారు: "రాసింది యిర్మీయా. నువ్వు చదివింది హనన్యా."

కోపం వచ్చింది. డబ్బు పోగొట్టుకుని వచ్చినవాడికి చెప్పే మాటేనా అనుకుంటూ ఇంటికొచ్చాను. కానీ మరుసటి ఆదివారం నాలుగింటికి మళ్ళీ ఆయన గుమ్మంలో ఉన్నాను.

అంతకుముందు శిష్యత్వ తరగతులకి వెళ్ళినవాణ్ణే. పన్నెండు వారాలు, ఖాళీలు పూరించే పుస్తకం, చివర్లో సర్టిఫికెట్టు. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలీదు. మాస్టారికి 'శిష్యత్వం' అనే మాటే గిట్టదు, 'శిష్యరికం' అనాలి. "అది సర్టిఫికెట్టుకి, ఇది చాప మీద కూర్చోడానికి" అనేవారు. ఆయన పెట్టిన పద్ధతిలో గొప్ప రహస్యమేం లేదు. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు, పెన్సిలు. ఎంత చిన్న భాగమైనా మూడుసార్లు పైకి చదవాలి. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారు అని రాసుకోవాలి. ఆ తర్వాతే, నేనేం చెయ్యాలి అని ఒకే ఒక్క వాక్యం.

పైకి చదవడం నాకు సిగ్గుగా ఉండేది. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం కదా. వాళ్ళలో ఎక్కువమందికి అక్షరమ్ముక్క రాదు. విని పట్టుకున్నారు. మనకి చదువొచ్చింది, చెవులు పోయాయి."

మొదట ఫిలేమోనుకు రాసిన పత్రిక, ఇరవై ఐదే వచనాలు. దాని మీదే మూడు వారాలు కూర్చోబెట్టారు. తర్వాత రూతు, తర్వాత మార్కు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ ఒక ఆదివారం మధ్యాహ్నం ఏకబిగిన చదివించారు. ముక్కలు ముక్కలుగా తెలిసిన కథే, అలా వింటే ఊపిరాడనివ్వలేదు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది మాటలు. "సమాధానకరమైన ఉద్దేశాలు అంటే ఏమిట్రా?" అని ఒకరోజు అడిగారు. నా ప్రశ్నకి జవాబు దొరుకుతుందని, అన్నాను. బజార్లో సమాధానమంటే జవాబే. మన బైబిల్లో సమాధానమంటే శాంతి, క్షేమం, హెబ్రీలో షాలోమ్. ప్రతి క్రిస్మస్‌కీ యెషయా 9:6లో 'సమాధానకర్తయగు అధిపతి' అని చదువుతుంటే, ఎవరేం అడిగినా జవాబు చెప్పగలవాడు కాబోలు అనుకుంటూ పెరిగాను. అప్పట్నుంచి నోటుబుక్కు చివరి పేజీల్లో ఇలాంటివి రాసిపెట్టుకోవడం మొదలైంది. స్వాస్థ్యము అంటే ఆరోగ్యం అనుకున్నాను, వారసత్వంగా వచ్చే ఆస్తి అట. శోధన అంటే వెతకడం అనుకున్నాను, పరీక్ష అట. నిబంధన అంటే ఆఫీసు రూలు కదా మనకి, అక్కడ దేవుడు మనుషులతో చేసుకున్న ఒడంబడిక. ఇక నా కార్డు వచనంలోనే ఉన్న 'నిరీక్షణ'. మనకది ఎదురుచూపు, బైబిల్లో ఆశ. "డెబ్బై ఏళ్ళు పక్కనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ రెండు అర్థాలూ పనికొస్తాయి" అన్నారు మాస్టారు. ఆ పేజీలో ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను.

ప్రార్థన మాత్రం చాలాకాలం రాలేదు. ఆయన బలవంతపెట్టలేదు, రోజుకో కీర్తన చదివి ఊరుకోమన్నారు. 88వ కీర్తన వచ్చిన రోజు కొట్టుకి ఆలస్యంగా వెళ్ళాను. కీర్తనల్లో ఎంత ఏడ్చినా చివరికి స్తుతితో ముగుస్తుందని అప్పటికి అలవాటైంది. అది ముగియలేదు. చీకటే నాకు బంధువర్గమైంది అని ఆగిపోయింది. కింద ఇంకో వచనం ఉందేమోనని పేజీ తిప్పాను కూడా. ఇలాంటి మాటని గ్రంథంలో ఉండనిచ్చారంటే, ఈ మాటతోనూ దేవుడి దగ్గరికి వెళ్ళొచ్చన్నమాట. ఆ రోజు అదే కీర్తనని రెండోసారి చదివాను, ఈసారి పైకి, గాజుల సంగతి మధ్యలో కలిపి.

లేవీయకాండానికి తిరిగొచ్చేసరికి 2018 చివరైంది. ఎర్ర వేలిముద్ర దాటి 19వ అధ్యాయం చివరికొస్తే న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు, న్యాయమైన తూము, న్యాయమైన పడి. అనువాదకులు మన కొలతల పేర్లే పెట్టారు, తప్పించుకునే దారి లేకుండా. మా కొట్టులో గోతాం బరువు కింద తీసే తరుగు, గోతాం బరువు కన్నా ఎక్కువుండేది. ఆ తరుగు లెక్కల పుస్తకం రాసేది నేనే. 'నేనేం చెయ్యాలి' అన్న గీత మీద ఆ వారం ఏమీ రాయలేకపోయాను. రెండు వారాలు ఖాళీగా వదిలి, మూడో వారం షావుకారు గారికి చెప్పాను. ఆయన కేకలేమీ వేయలేదు. "నీ పుస్తకం ఇంట్లో చదువుకో, కాటా సంగతి నేను చూసుకుంటా" అని నన్ను లోపలి లెక్కల్లోకి మార్చారు. సీజన్లో చేతికొచ్చే మామూళ్ళు పోయాయి. తరుగు అలాగే తీస్తున్నారు, ఇంకొకరు రాస్తున్నారు. దీన్ని సాక్ష్యంగా చెప్పమని ఒకసారి చర్చిలో అడిగారు. ఏం చెప్పను? కాటా మారలేదు, కుర్చీ మారిందంతే.

లాక్‌డౌన్‌లో ఆదివారాలు ఫోన్లోకి వెళ్ళాయి. ఆలోగా మాస్టారికి చూపు బాగా తగ్గింది. అంతవరకూ ఆయన నాకు నేర్పించడం, అప్పట్నుంచి రాత్రి తొమ్మిదింటికి నేను ఆయనకి చదివి వినిపించడం. వొత్తు తప్పితే ఇప్పటికీ ఆపి మళ్ళీ చదివిస్తారు. గాజులు 2019లో విడిపించాం. బైబిలు మొత్తం 2021 నవంబరుకి అయింది. ఏడాది పని దాదాపు ఐదేళ్ళు పట్టిందని మా ఆవిడ లెక్క చెప్పింది. ఈలోపు ఆవిడకి నాలుగుసార్లు అయింది. వంట చేస్తూ ఫోన్లో ఆడియో పెట్టుకుంటుంది. అదీ వినడమే కదా, మాస్టారు లెక్క ప్రకారం నాకన్నా ఆవిడే ముందుంది.

ఇప్పుడు రెండో చుట్టు నడుస్తోంది. మొన్న యెహెజ్కేలు 40 చదివాను. దేవాలయం కొలతలు, మూరలు, బెత్తెళ్ళు, గుమ్మాలు, గదులు. తూర్పు గుమ్మం కొలిచి ఉత్తరం వైపు తిరిగేసరికి ఫోన్లో గురక వినబడింది. పెట్టేద్దామనుకున్నాను. కానీ అధ్యాయం సగంలో ఆపితే ఆయన ఊరుకోరు. నలభై తొమ్మిదో వచనం దాకా, కాస్త గొంతు తగ్గించి, చదివాను.