ఐలీన్ క్లియరీని మా అమ్మ గుర్తుపట్టింది

శనివారం రాత్రి అమ్మ జపమాల ముగించాక, చెన్నైలోని మా ఇంట్లో ఇద్దరం కలిసి ‘ది పర్‌ఫెక్ట్ ఫ్యామిలీ’ అనే అమెరికన్ హాస్యచిత్రం చూశాం. 2011లో ట్రైబెకా చిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఈ చిత్రానికి ఆన్ రెంటన్ దర్శకురాలు. ఐలీన్ క్లియరీ అనే భక్తురాలైన తల్లి పాత్రను క్యాథలీన్ టర్నర్ పోషించారు. అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి సంభాషణలను తెలుగులో చెబుతూ కూర్చున్నాను, కానీ కాసేపటికే ఆ అవసరం తీరిపోయింది.

ఐలీన్ తన విచారణలో, అంటే తమ చర్చి పరిధిలోని విశ్వాసుల సంఘంలో, ఆ ఏటి ఉత్తమ కతోలిక మహిళ పురస్కారానికి పోటీలో నిలుస్తుంది. అది దక్కాలంటే తన కుటుంబాన్ని పెద్దల ముందు నిలబెట్టాలి. భర్త తాగుడు నుంచి బయటపడినవాడు, కొడుకు భార్యను కాదని మరొకామెకు దగ్గరైనవాడు, లాయరైన కూతురేమో తాను ప్రేమించిన స్త్రీని పెళ్లాడబోతోంది. వీటన్నిటినీ కప్పిపుచ్చడానికి ఆ తల్లి పడే పాట్లలోంచే నవ్వు పుడుతుంది. అయితే ఆ నవ్వు ఎక్కడా ఆమె భక్తిని చులకన చేయదు, అందుకే ఈ చిత్రం నాకు నచ్చింది. కొడుకు కథను మాత్రం పైపైనే ముగించేశారనిపించింది.

గెలిచినవారికి డబ్లిన్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) స్వయంగా పాపక్షమాపణ ప్రార్థన చేస్తారు, ఐలీన్‌కు పురస్కారం కన్నా అదే ముఖ్యం. అక్కడ అమ్మ ఉన్నట్టుండి, “పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) చేసుకుంటే విచారణ గురువులే క్షమిస్తారు కదమ్మా, దానికి అంత పెద్దాయన రావాలా? పాపం, ఆవిడకు నమ్మకం చాలడం లేదు” అంది. జీవితమంతా దేవాలయానికే ధారపోసిన మనిషికి తాను క్షమకు తగినదాన్నేనన్న నమ్మకం ఎందుకు కలగలేదన్న ఆ ప్రశ్నే నాకు చిత్రమంతటికీ కీలకంగా తోచింది.

అమ్మకు ఆ భయం కొత్తది కాదు. ఫిరంగిపురంలో పుట్టి, ఇక్కడికి వచ్చాక కూడా మరియమాత భక్తుల సంఘమైన మరియదళం సమావేశం ఒక్కటీ తప్పని మనిషి ఆమె. రెండేళ్ల క్రితం మా తమ్ముడు తాను ఇష్టపడిన హిందూ అమ్మాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాడు. దేవాలయంలో జరగని పెళ్లి కావడంతో వాడు పూజలో గురువు అందించే పవిత్రమైన అప్పం, దివ్యసత్ప్రసాదం, తీసుకోకూడదు. అందరూ వరుసలో ముందుకు వెళ్తుంటే వాడు బెంచీలోనే కూర్చుని, దారి ఇవ్వడానికి మోకాళ్లు పక్కకు తిప్పుకుంటాడు. అప్పుడు అమ్మ వెనక్కి తిరిగి చూడదు.

మర్నాడు పూజలోనూ వాడు అలాగే కూర్చున్నాడు. సత్ప్రసాదం అందుకుని వచ్చిన అమ్మ, ఈసారి తన చోటికి వెళ్లకుండా వాడి భుజం పట్టుకుని పక్కనే మోకరించింది. బయటికి వచ్చాక మరియదళం పెద్దావిడ ఒకరు “అబ్బాయి పెళ్లెప్పుడమ్మా?” అని అడిగారు. అమ్మ కొంగు సర్దుకుంటూ, ఎప్పటిలాగే, ఇంకా చూస్తున్నామని చెప్పింది.