నీళ్ల క్యూలో పోయిన ట్రై

పారిస్ వెళ్లింది ఒలింపిక్స్ చూడ్డానికే, కానీ రగ్బీ చూడాలని నాకేం లేదు. మా అక్క కూతురికి ఆ ఆటంటే పిచ్చి, టికెట్లు తీసింది కూడా అదే, నేను తోడు వెళ్లానంతే. కోడిగుడ్డు లాంటి బంతి కోసం ఒకరి మీద ఒకరు పడి దొర్లడమే రగ్బీ అని అప్పటిదాకా నా లెక్క.

2024 జూలై 29 సాయంత్రం రగ్బీ ఆడే స్టేడియం, స్టాడ్ ద ఫ్రాన్స్‌కి బయల్దేరాం. ఒలింపిక్స్ రోజులని మెట్రో టికెట్ 4 యూరోలు చేశారు, అది గొణుక్కుంటూనే రైలెక్కాను. బోగీ నిండా నీలం జెర్సీలే. రెండు రోజుల ముందే మగవాళ్ల సెవెన్స్‌లో, అంటే ఏడుగురేసి ఆడే రగ్బీలో, ఫ్రాన్స్ 28-7తో ఫిజీని ఓడించి బంగారం కొట్టింది, ఆ ఊపు ఇంకా దిగలేదు. ఆడవాళ్ల జట్టు కూడా టోక్యోలో రజతం తెచ్చినదే, కాబట్టి ఆ రాత్రి కెనడాతో క్వార్టర్ ఫైనల్ అంటే వాళ్ల దృష్టిలో గెలిచేసినట్టే.

దారి పొడుగునా నాకు పాఠం. జట్టుకి ఏడుగురే, కానీ మైదానం మాత్రం పదిహేను మంది ఆడే రగ్బీదే, ఒక్క గజం తగ్గించరు. ఏడేసి నిమిషాలు రెండు సార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం, అంతే ఆట. బంతిని అవతలి వాళ్ల గోల్ లైన్ దాటించి నేలకి ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు. ఆ మీద బంతిని గోల్ కర్రల మధ్యనుంచి పైకి తన్నితే కన్వర్షన్, దానికి 2, అదీ బంతిని నేల మీద పెట్టి కాదు, వదిలేసి అది నేలకి తగిలి లేస్తుండగా తన్నాలి. ట్రై కొట్టిన జట్టే మళ్లీ కిక్ చేసి ఆట మొదలుపెట్టాలట. "కష్టపడి కొట్టినవాళ్లే బంతిని అవతలి వాళ్లకి అప్పగించాలా?" అన్నాను. "అదే కదా పిన్నీ మజా" అంది.

మజా సంగతేమో గానీ నాకు నిజంగా పట్టుకున్నది ఆ రెండు నిమిషాల విరామం. డ్రెస్సింగ్ రూమ్‌కి పోరు, మైదానంలోనే గుండ్రంగా చేరతారు. మా సీట్లకి దగ్గర్లోనే కెనడా అమ్మాయిలు చేరారు. ఒకామె మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోయింది, నోట్లోంచి మౌత్‌గార్డ్ తీసి సాక్సులో దోపుకుని, సీసాలో సగం నీళ్లు నెత్తి మీద పోసుకుని, మిగతా సగం తాగకుండా పక్కావిడ చేతిలో పెట్టింది. ఈల వినపడేసరికి ఇందాకటి మనిషే కాదు. ఖాళీగా పడున్న అంత మైదానంలో ఏడుగురే పరిగెత్తాలంటే ఒక్క ట్యాకిల్, అంటే బంతి పట్టుకున్నామెని పట్టి పడేయడం, తప్పినా వెనక ఆపేవాళ్లుండరు, అదే భయం ఏడుగురి మొహాల్లోనూ. కెనడా 19-14తో గెలిచింది. అంత గోల చేసిన స్టేడియం ఒక్కసారిగా చల్లబడిపోయింది. నేను మాత్రం అక్కడికక్కడే కెనడా మనిషినైపోయాను. గ్రూపులో న్యూజిలాండ్ చేతిలో 33-7తో చిత్తయిన జట్టు ఇదేనని మా పిల్ల చెప్పినా వినలేదు.

మర్నాడు ఎండ 35 డిగ్రీల దగ్గర. సెమీస్‌లో ఆస్ట్రేలియా మొదట్లోనే 12-0. సరే, అయిపోయింది అనుకున్నాను. అక్కణ్నుంచి ఆస్ట్రేలియాకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు కెనడా, 21-12. పక్క సీటు పెద్దమనిషి, ముందు రాత్రి ఫ్రాన్స్ ఓడినందుకు అలిగినట్టే కూర్చున్నాయన, లేచి చప్పట్లు కొట్టాడు.

ఇక నా ఘనకార్యం. కాంస్యం మ్యాచ్ అమెరికా, ఆస్ట్రేలియాలది. అమెరికా జట్టులో బాగా పేరున్న ఇలోనా మాహర్‌ని చూడాలని కొందరు ఆ ఒక్క మ్యాచ్‌కే వచ్చినట్టున్నారు. చివరికొచ్చేసరికి ఆస్ట్రేలియా 12-7 ముందుంది, బంతి ఎక్కడో అమెరికా వాళ్ల గోల్ లైన్ దగ్గర. ఇంకేముంది, ఫైనల్‌కి ముందు క్యూ పెరిగిపోకుండా నీళ్లు పట్టుకొద్దామని లేచాను. "ఇప్పుడు వెళ్లకు పిన్నీ, టైమ్ అయిపోయిందని హూటర్ మోగినా బంతి ఆగేదాకా ఆట అయిపోదు" అంది. విన్లేదు. సీసా పట్టుకుని క్యూలో మూడో మనిషిగా ఉండగా పైకప్పు లేచిపోయేంత కేక. ముందున్న ఇద్దరూ సీసాలు పట్టుకునే లోపలికి పరుగు. నేను నీళ్లు పట్టుకున్నాను, క్యూ ఖాళీ అయింది కదా అని!

తిరిగొచ్చేసరికి బోర్డు మీద అమెరికా 14, ఆస్ట్రేలియా 12. అలెక్స్ సెడ్రిక్ అనే అమ్మాయి ఆఖరి క్షణాల్లో తమ లైన్ దగ్గర్నుంచి బంతి పట్టుకుని, మీద పడ్డవాళ్లని విదిలించుకుని, దాదాపు మైదానం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరిగెత్తి ట్రై పెట్టిందట, ఆ కన్వర్షన్ కూడా తనే కొట్టిందట. సెవెన్స్‌లో అమెరికాకి అదే మొదటి ఒలింపిక్ పతకం. మా పిల్ల నాతో మాట్లాడలేదు, సీసా మాత్రం లాక్కుంది.

ఫైనల్లో కదిల్తే ఒట్టు. న్యూజిలాండ్ ముందు ట్రై కొట్టినా, మైకేలా బ్లైడ్ పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట కూర్చోవడంతో కెనడా పుంజుకుని హాఫ్ టైమ్‌కి 12-7కి వెళ్లింది. మా ఇద్దరికీ గొంతులు పోయాయి. రెండో సగంలో ఆ బ్లైడే ఒకటి, స్టేసీ వాకా ఒకటి కొట్టి 19-12 చేసేశారు. చివర్లో న్యూజిలాండ్ వాళ్లు హాకా, అదే వాళ్ల మావోరీ నృత్యం, చేస్తుంటే అందరూ ఫోన్లు పైకెత్తారు. నాకు మాత్రం అవతల గడ్డి మీద కూలబడ్డ కెనడా అమ్మాయిలే కనిపిస్తున్నారు. రజతం వాళ్లకి అదే మొదటిసారి, 2016లో రియోలో కాంస్యం తెచ్చారు. ఆ సంగతి గుర్తొచ్చాకేమో, పతకాలు వేసేటప్పుడు నవ్వుతూనే ఉన్నారు.

తిరుగు రైల్లో ఊపిరాడనంత రద్దీ. మా పిల్ల ఫోను నా మొహానికి ఆనించి సెడ్రిక్ వీడియో మూడోసారి పెట్టింది. "ఇదిగో, ఇక్కడ బంతి అందుకుంది. అప్పుడు నువ్వెక్కడున్నావ్ పిన్నీ?"

"క్యూలో మూడోదాన్ని" అన్నాను.