సంతకం పడితేనే రోహిణి కదిలేది

మా స్కూల్ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ గురించి ఎవరు రాసినా మబ్బులు, గద్దలతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది హ్యాంగర్‌లో టెక్నీషియన్ గారి బల్ల మీద ఉండే లాగ్ బుక్కే. 1980ల మొదట్లో ఆదివారాలు చీకటితోనే సైకిళ్లేసుకుని బేగంపేట చేరేవాళ్లం. ఆ రోజు తేదీ కింద ఆయన సంతకం పడేదాకా గ్లైడర్‌ను బయటికి తోయడానికి కూడా వీల్లేదు.

మాకు దక్కింది రోహిణి. 1961లో తొలిసారి ఎగిరిన మన దేశవాళీ గ్లైడర్ అది. చెక్క చట్రం, దాని మీద ప్లైవుడ్, గుడ్డ. సీట్లు రెండూ పక్కపక్కనే. ఇంజినే లేనిదానికి చూడటానికేముంటుందని కొత్తగా వచ్చినవాళ్లు అనుకునేవారు. టెక్నీషియన్ గారు రెక్క మొదలు నుంచి చివరిదాకా వేలి కణుపులతో తట్టుకుంటూ, చెవి ఒగ్గి వింటూ వెళ్లేవారు. వానాకాలంలో అయితే తనిఖీ మూతలు తీసి లోపల వాసన చూసేవారు. చెమ్మ చేరితే జిగురు పట్టు వదులుతుంది, పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడటం మా పని. రెక్క చివర వెనక అంచున కదిలే పలకను, అంటే ఐలెరాన్‌ను, ఒకడు గట్టిగా పట్టుకుంటే, ఆయన కాక్‌పిట్‌లో కూర్చుని గ్లైడర్‌ను నడిపే కర్ర కదిపేవారు. కర్రకూ ఐలెరాన్‌కూ మధ్య లింకు ఊడి ఉంటే అక్కడే బయటపడుతుంది. గ్లైడర్‌ను పైకి లేపడానికి నేల మీంచి లాగే యంత్రం వించ్. దాని తీగ తగిలించే కొక్కేనిదీ అదే తంతు. పిడి లాగితే వదలాలి, తీగను వెనక్కి గుంజితే తనంతట తానే వదిలేయాలి.

ఆ తర్వాత మా వంతు. జేబులన్నీ ఖాళీ చేయాలి. పెన్ను, రూపాయి బిళ్ల, సైకిల్ తాళం చెవి, ఏదైనా సరే సీటు కిందకి జారి కంట్రోల్ రాడ్డుకి అడ్డం పడొచ్చు. బరువూ చూసేవారు. కాక్‌పిట్‌లో కనీసం ఇంత బరువుండాలన్న లెక్క ఒకటుంటుంది. ముందు తేలికైతే ముక్కు పైకి లేచి, గ్లైడర్ చెప్పిన మాట వినదు. మాలో సగం మంది బక్క ప్రాణాలమే కాబట్టి ఆ త్రాసు దగ్గర మాకు అసలు పరీక్ష కన్నా ఎక్కువ టెన్షన్.

ఒక క్యాంపు చివరి రోజు సంగతి. ముందు రోజు సాయంత్రం ఒక ల్యాండింగ్ కాస్త గట్టిగా పడిందని పుస్తకంలో రాసి ఉంది. దాని తర్వాత అడుగున నేలకు రాసుకునే పట్టీ స్కిడ్డునూ, చక్రం బిగింపులనూ ఎవరు చూశారో మాత్రం రాసి లేదు. చూశామని అందరూ అన్నారు. ఇన్‌స్ట్రక్టర్ గారు హోదాలో పెద్ద, పైగా మా ఆత్రం ఆయనకు తెలుసు. టెక్నీషియన్ గారు పుస్తకం ఆయన వైపు తిప్పి, "చూశారు సార్, కాదన్ను. చూసినట్టు ఇందులో లేదు" అన్నారు. ఇన్‌స్ట్రక్టర్ గారు ఇంకో మాట అనకుండా, "పోయి ఇడ్లీ తిని రండిరా" అని మమ్మల్ని పంపేశారు. రోజంతా విప్పి చూస్తే ఏ లోపమూ దొరకలేదు. "గీ మాత్రం దానికి దినమంతా ఖరాబ్ జేసిండు" అని తిట్టుకుంటూ ఇళ్లకు పోయాం. ఆ క్యాంపులో మళ్లీ ఎగిరే అవకాశం రాలేదు.

2014 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో మన ఎన్‌సీసీ పిల్లల్లాంటి ఎయిర్ క్యాడెట్ల గ్లైడర్లన్నీ ఆపేశారన్న వార్త చదివినప్పుడు ఆ ఇడ్లీల రోజే గుర్తొచ్చింది. వైకింగ్, విజిలెంట్ రెండు రకాలూ కలిపి 146. ఏదో కూలిపోయినందుకు కాదు. మరమ్మతుల రికార్డులు చూస్తే అవి ఎగరడానికి తగినవేనని చూపించలేని పరిస్థితి. 2006లో అఫ్గానిస్తాన్‌లో వాళ్ల నిమ్రాడ్ అనే సైనిక విమానం కూలి 14 మంది చనిపోయాక, విచారణ నివేదిక చెప్పిన మీదట 2010లో సైనిక విమానాల భద్రతకు ప్రత్యేక సంస్థ పెట్టుకున్నారు. రికార్డు సరిగ్గా లేకపోవడాన్ని లోపం కిందే లెక్కగట్టే పద్ధతి అక్కడ గట్టిపడింది అప్పుడే. రెండేళ్ల తర్వాత కొన్ని వైకింగ్‌లు మళ్లీ పైకి లేచాయి. విజిలెంట్లను 2018లో పూర్తిగా పక్కన పెట్టేశారు.

ఆపడం సరైనదేనని నా అభిప్రాయం. కానీ ఒక్క పుస్తకంలో ఒక్క పూట దొరికే ఖాళీని అంతమంది కలిసి ఏళ్ల తరబడి ఎలా దాటేశారన్నది నాకు మింగుడుపడలేదు. దాని ఖరీదు మాత్రం అక్కడి పిల్లలే కట్టారు, ఒక వయసు దాటాక క్యాడెట్‌గా ఎగిరే వీలుండదు మరి. మాకు పోయింది ఒక్క ఆదివారం.

మా బ్యాచ్‌వాడొకడు ఇప్పుడు శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. ఆ రోజు అందరికన్నా గట్టిగా తిట్టింది వాడే. కిందటి గెట్ టుగెదర్‌లో ఈ సంగతి ఎత్తితే, "ఇప్పుడు నా చేతికింది పిల్లలు నన్ను అంతకన్నా ఎక్కువ తిడతార్రా" అని నవ్వాడు.

ఇప్పటి క్యాడెట్లకు మైక్రోలైట్లనే చిన్న తేలికపాటి విమానాలు వచ్చాయి, వాటికి ఇంజిన్ కూడా ఉంది కాబట్టి చూడాల్సింది ఇంకా ఎక్కువ. పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక విన్నపం. ఏటా పిల్లల్ని ఎయిర్ షోకి తీసుకెళ్లే బస్సు ఖర్చులో కొంత మిగిల్చి, ఒక రోజు పొద్దున్నే ఆరింటికి హ్యాంగర్‌కి పంపించండి. ఎగిరించడానికి కాదు, తనిఖీ చూపించడానికి. టిఫిన్ ఖర్చు మా బ్యాచ్‌ది.