టస్కీగీ గోడల్లోని ఇటుక

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మన టస్కీగీ యూనివర్సిటీ గురించి ఎవరు మాట్లాడినా, దాన్ని మొదట నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ దగ్గరో, అక్కడి శాస్త్రవేత్త కార్వర్ వేరుశనగ పరిశోధనల దగ్గరో ఆగిపోతారు. ఎమ్మెస్‌కి వచ్చిన మన తెలుగువాళ్లం ఆ పాత ఎర్ర భవనాల పక్కనుంచే రోజూ క్లాసులకు వెళ్లాం. వాటిలో చాలావాటికి ఇటుక కోసింది, కాల్చింది, గోడ లేపింది అక్కడ చదివిన నల్లజాతి పిల్లలే.

అప్పట్లో టస్కీగీ నల్లజాతి పిల్లల బడి. 1881లో అలబామా ప్రభుత్వం ఈ బడికి మంజూరు చేసింది ఏడాదికి 2,000 డాలర్లు. అదీ జీతాలకే. స్థలానికీ కట్టడానికీ ఏమీ లేదు. జులై 4న చర్చి దగ్గర వాన కారే పాకలో 30 మందితో తరగతులు మొదలయ్యాయి. తర్వాత 100 ఎకరాల పాత ఎస్టేటును 500 డాలర్లకు బేరమాడి, సగం అప్పు తెచ్చి కట్టి, మిగతా సగానికి ఏడాది గడువు తీసుకున్నారు. అక్కడి గుర్రాలశాల, కోళ్లగూడు కడిగి తరగతి గదులు చేశారు.

ఊళ్లో ఇటుక బట్టీ లేదు. తామే వేస్తే సొంత భవనాలకు సరిపోతుంది, మిగిలింది అమ్ముకోవచ్చు. కానీ సరైన మట్టి దొరికేలోపు చాలాచోట్ల తవ్వాల్సి వచ్చింది. మోకాళ్ల లోతు బురదలో పని నచ్చక బడి మానేసిన పిల్లలున్నారు. దాదాపు 25,000 ఇటుకలతో పేర్చిన మొదటి బట్టీ పాడైంది. రెండోదీ అంతే. వారం రోజులు కాల్చాల్సిన మూడోది, ఇంకొన్ని గంటల్లో పూర్తవుతుందనగా అర్ధరాత్రి కూలింది.

బట్టీ వేసేవాళ్లకు ఈ పని ఎంత తేలిగ్గా చెడుతుందో తెలుసు. పచ్చి ఇటుక పూర్తిగా ఆరకుండా మంట పెంచితే లోపలి తడి ఆవిరై ఇటుకను పగలగొడుతుంది. మంట గూళ్లు సమంగా కాలకపోతే ఒక పక్క కుంగి వరసలన్నీ ఒరుగుతాయి. నాలుగో బట్టీకి డబ్బుల్లేక వాషింగ్టన్ తన గడియారాన్ని మాంట్‌గోమరీలో 15 డాలర్లకు తాకట్టు పెట్టారు. అది మళ్లీ విడిపించుకోలేదు గానీ బట్టీ నిలిచింది. 1900 నాటికి ఒక్క సీజన్లో 12 లక్షల ఇటుకలు తీశారు. బడి అంటే గిట్టని తెల్లవాళ్లు కూడా వచ్చి కొనుక్కెళ్లారు.

1892లో ఎంఐటీ పట్టా పొందిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ టేలర్ ఇక్కడికి వచ్చాక ఈ ఇటుకకు రూపం వచ్చింది. వాషింగ్టన్ ఇల్లు ‘ది ఓక్స్’ ఆయన డిజైనే, ఇప్పటికీ ఉంది. ఆయన కట్టించిన చాపెల్ (ప్రార్థన మందిరం) 1957లో కాలిపోయింది.

నా దృష్టిలో టస్కీగీ చేసిన పెద్ద పని క్యాంపస్ బయట జరిగింది. 1912లో షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ టస్కీగీకి ఇచ్చిన 25,000 డాలర్లలో మిగిలిన 2,800తో అలబామా పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు చిన్న బడులు కట్టించారు. ఆ పథకం 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 5,000 బడుల దాకా వెళ్లింది. కరెంటు లేని ఊళ్లు గనక తర్వాతి ప్లాన్లలో కిటికీలన్నీ తూర్పుకో పడమరకో వరసగా పెట్టారు. వెలుగు పిల్లల ఎడమవైపు నుంచి పడాలి, కుడిచేత్తో రాస్తుంటే చేతినీడ అక్షరాల మీద పడకూడదు. వీటికి రోజెన్‌వాల్డ్ పెట్టింది సుమారు 43 లక్షల డాలర్లు. పన్నులు కట్టి, ఆపైన చందాలు వేసుకుని నల్లజాతి కుటుంబాలు ఇచ్చింది సుమారు 47 లక్షలు.