పాత వెండి రూపాయిల్ని తోమకండి

బ్రిటిష్ కాలం నాటి పాత వెండి రూపాయి ఏది చేతికొచ్చినా ముందు తూకం వేస్తాను. 11.66 గ్రాములుండాలి. సరిగ్గా పాతకాలపు తులం. బాగా అరిగినదైతే పిసరంత తగ్గుతుంది, అది మామూలే. గ్రాము తేడా వచ్చిందంటే మాత్రం అనుమానించాల్సిందే.

తర్వాత దానిమీది సంవత్సరం చూస్తాను. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ కొట్టిన రూపాయిలో వెండి నూటికి 91.7 పాళ్ళు. 1940లో, యుద్ధం రోజుల్లో, దాన్ని సగానికి దించేసి మిగతాది రాగి, నికెల్, జింకుతో నింపారు. బరువు మాత్రం మార్చలేదు. అందుకే 1918 నాటి ఐదో జార్జి రూపాయిలో 10.69 గ్రాముల అసలు వెండి ఉంటే, 1944 నాటి ఆరో జార్జి రూపాయిలో 5.83 గ్రాములే ఉంటుంది. విశాఖ వన్‌టౌన్‌లో ఒక షాపాయన ఈ రెండింటికీ ఒకటే రేటు చెప్పాడు. అలాంటి చోట 1918 రూపాయి అమ్మినవాళ్ళు నిలువునా మునిగినట్టే. ఏడు సరిగ్గా కనబడకపోతే అంచు చూడండి. 1940 తర్వాతి వాటిలో చాలావాటికి అంచు గీతల నడుమ సన్నటి గాడి ఉంటుంది.

ఇది వెండి లెక్క. సేకరించేవాళ్ళు ఇచ్చే ధర వేరు. అది బిళ్ళ ఎంత అరిగింది, దాని ఒంటిని ఎవరైనా పాడుచేశారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొన్నామధ్య మా పిన్ని వాళ్ళత్తగారి ట్రంకుపెట్టెలో దొరికిన బిళ్ళల్ని గుడ్డలో మూటగట్టి తెచ్చింది. “చింతపండేసి బాగా తోమాన్రా, ఎలా మెరుస్తున్నాయో చూడు” అంది మురిసిపోతూ. నాకు ప్రాణం ఉసూరుమంది. అందులో 1862 విక్టోరియా రాణి రూపాయి ఒకటుంది. (దానిమీద 1862 అనుంటే ఆ ఏడే కొట్టారని కాదు, 1874 దాకా అదే ఏడు వేస్తూ పోయారు.) లెన్సు కింద కిరీటంలో రాళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. జుట్టు పాయలు చెరగలేదు. రవిక మీది పువ్వుల పని కూడా నిలిచే ఉంది. అరుగుదల లెక్కన ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అంటే చాలా కొద్దిగా మాత్రమే అరిగినది) అనాల్సిన బిళ్ళ. కానీ టేబుల్ లైటు కింద ఏటవాలుగా వంచితే రాణి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. అక్షరాల సందుల్లో నలుపు అలాగే ఉంది, చుట్టూ ఖాళీ జాగా మాత్రం తెల్లగా పాలిపోయింది. తోమని బిళ్ళని తిప్పుతుంటే వెలుగు దాని మీద గిరగిరా తిరుగుతుంది. ఇందులో ఆ కళ పోయింది. ఇక ఎవరైనా వెండి ధర మీద కాస్త కలిపి ఇస్తారంతే.

ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడే పొర. మన విశాఖ తేమకి అది ఇంకా తొందరగా వస్తుంది. రానివ్వండి. విబూది, కుంకుడుకాయ, టూత్‌పౌడరు, ఏదీ దగ్గరికి తీసుకురావద్దు.

అదృష్టంకొద్దీ మూట అడుగున ఒక 1911 రూపాయి పిన్ని చెయ్యి తగలకుండా మిగిలింది. ఐదో జార్జి వస్త్రం మీద చిన్న ఏనుగుంటుంది. ఆ ఏడాది దాని తొండం మరీ పొట్టిగా చెక్కడంతో పందిలా ఉందని గొడవైంది. చాలావరకు బయటికి వదలకుండా కరిగించేశారు, 1912 నుంచి బొమ్మ మార్చారు. అందుకే దానికి వెండి ధర కంటే బాగా ఎక్కువ పలుకుతుంది. 1939 రూపాయి ఇంకా అరుదు. కాబట్టే ఎవరైనా చూపిస్తే చివరి అంకెని లెన్సుతో పరీక్షించండి, చెక్కి దిద్దినవి తిరుగుతుంటాయి.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 1818 ఈస్టిండియా కంపెనీ అని రాసున్న బిళ్ళకి లక్షలొస్తాయని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు.

కొక్కెం అతికించిన రూపాయిని సేకరించేవాళ్ళు వెండి కిందే లెక్కేస్తారు. కొక్కెం పీకేసి ఆకురాయి పట్టినా అంచు మీద టంకం మచ్చ దొరికిపోతుంది. అయినా పాడేరు, అరకు వైపు ఆడవాళ్ళ మెడలో ఉండే రూపాయిల దండ ఎవరింట్లోనైనా ఉంటే, దయచేసి బిళ్ళలు విడదీసి అమ్మకండి. ఆ దండకి ఉన్న విలువ విడి బిళ్ళలకి రాదు.

పిన్నికి 1911 బిళ్ళని విడిగా కాగితం కవర్లో పెట్టిచ్చాను. రబ్బరు బ్యాండు వెయ్యొద్దని, మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దని చెప్పాను. రబ్బరు వెండిని నల్లబరుస్తుంది, పీవీసీ పచ్చటి జిగురు పట్టిస్తుంది. మూటలోని 1944వి మాత్రం ఎప్పుడు కావాలన్నా తూకానికి ఇచ్చేయమన్నాను.