సాయంకాలమైనప్పుడు ఇవ్వవలసిన కూలి

గత ఫిబ్రవరిలో మా స్నానాల గది నేల మార్పించవలసి వచ్చి, ఇంటికి దగ్గరలో రోజు కూలీలు పని కోసం నిలబడే చౌరస్తా అడ్డా నుంచి ఒక మేస్త్రీని, అతనికి మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) అందించడానికి అతని భార్యను పిలుచుకొని వచ్చాను. పాలమూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నవారు. మేస్త్రీకి రోజుకు 1,100 రూపాయలు, ఆమెకు 700 అని మాట్లాడుకున్నాం. శుక్ర, శనివారాలు రెండూ పని చేశారు. శనివారం సాయంత్రం నేను ఒక చెంబుడు నీళ్లు పోసి చూస్తే, అవి నీళ్లు దిగిపోయే జాలీ వైపు పోకుండా తలుపు మూల దగ్గర నిలిచిపోయాయి. వాటం, అంటే నీళ్లు పారడానికి నేలకు ఉండవలసిన వాలు, సరిగా రాలేదు.

"సోమవారం వచ్చి ఇది సరిచేసి, మొత్తం డబ్బు ఒకేసారి తీసుకో" అన్నాను.

"వాటం నేనే చేసిస్త సార్. ఇయ్యాల్టి పైసలు ఇయ్యాల ఇయ్యండి, సోమవారం పొద్దుగాల్నే వస్త" అన్నాడు అతను. ఆమె మాట్లాడలేదు. తాపీని, తట్టను మా పెరటి కుళాయి దగ్గర కడిగి సంచిలో సర్దుకుంటూ ఉంది. గోళ్ల చుట్టూ సిమెంటు తెల్లగా పట్టి ఉంది. నేను ఒప్పుకోలేదు. ఇద్దరూ సంచి తీసుకొని వెళ్లిపోయారు.

మరునాడు నెలలో మొదటి ఆదివారం, అంటే మా క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్ల ఆరాధన జరిగే రోజు. సంఘం పనులు చూసే పాస్టరేట్ కమిటీలో సభ్యుడిగా కానుక సంచి పట్టుకొని వరుసల మధ్య తిరిగేది నేనే. నా దశమ భాగపు కవరు, అంటే రాబడిలో పదో వంతు కానుక, కూడా ఆ సంచిలోనే వేశాను. ఆ ఇద్దరికీ నేను ఇవ్వవలసిన 3,600 రూపాయల కంటే ఆ కవరులో ఎక్కువే ఉంది. పాపపు ఒప్పుకోలు ప్రార్థన అందరితో పాటు చదివాను, మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకున్నాను. ఆ ఉదయమంతా నాకు ఏమీ అనిపించలేదు. చేసిన పని కంటే ఆ అనిపించకపోవడమే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

సోమవారం అతను రాలేదు, మంగళవారం కూడా రాలేదు. పని చెడగొట్టి పారిపోయాడని, ఈ రోజుల్లో ఎవరినీ నమ్మరాదని నేను ఇంట్లో గొణుగుతుంటే, నా భార్య బియ్యం కడుగుతూ, "ఏమండీ, అతను మోసం చేశాడంటున్నారు. డబ్బు మన దగ్గరే ఉంది కదా!" అంది. తరువాత, "ఫోను నంబరైనా తీసుకున్నారా?" అని అడిగింది. తీసుకోలేదు. రెండు రోజులు నా ఇంట్లో పనిచేసిన మనిషి పేరు కూడా నేను అడగలేదు. సోమవారం అతను ఎందుకు రాలేదో అప్పుడు ఆలోచించాను. అడ్డా మీద నిలబడితే ఆ రోజు కూలి దొరికే ఆశ ఉంటుంది. దాన్ని వదులుకొని, వెనకటి కూలే ఇవ్వని ఇంటికి పిల్లలున్నవాడు ఎలా వస్తాడు?

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త 20వ అధ్యాయం చదివాను. ద్రాక్షతోటలో పనివారి ఉపమానం నాకు చిన్నప్పటి నుంచి కంఠస్థం. చివర వచ్చినవానికీ మొదట వచ్చినవానికీ ఒకే దేనారము, అంటే ఒక రోజు కూలి, ఇచ్చిన యజమానుని కృపను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, యువజన కూటాల్లో నేనూ మాట్లాడాను. కాని అది అడ్డా కథ అని ఎన్నడూ గమనించలేదు. సంత వీధిలో ఊరకే నిలిచి ఉన్నవారు, ఎందుకు నిలిచి ఉన్నారని అడిగితే ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదని చెప్పినవారు, మన నగరంలో ప్రతి ఉదయం చౌరస్తాల్లో కనిపిస్తారు. ఏడు గంటలకు అక్కడ గుంపు ఉంటుంది, ఏదైనా బండి ఆగితే పది మంది చుట్టుముడతారు. పది దాటాక మిగిలినవారు సద్ది డబ్బా విప్పకుండానే తిరిగి నడిచిపోతారు. పదకొండవ గంట, అంటే సాయంత్రం అయిదు, అయ్యేదాకా నిలబడ్డవాని ముఖం ఎలా ఉంటుందో ఆ ఉపమానం మొదట విన్నవారికి ఎవరూ వివరించవలసిన అవసరం లేదు.

ఇంకొక సంగతి కూడా అక్కడే ఉంది. సాయంకాలమైనప్పుడు యజమానుడు తన గృహనిర్వాహకుని పిలిచి, పనివారికి కూలి ఇమ్మని చెప్పాడు. ఆ గృహనిర్వాహకుడు చేసేది నా ఉద్యోగమే. ఒక ప్రైవేటు సంస్థలో నేను ఇరవై రెండేళ్లుగా పద్దులు చూస్తున్నాను, సరుకు ఇచ్చినవారి బిల్లులు నా బల్ల మీదుగానే వెళ్తాయి. "సోమవారం రండి" అన్న మాట నాకు అక్కడే అలవాటయింది. చిన్న పరిశ్రమలవారికి ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బకాయి పెట్టరాదని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆ అంకె నాకు బాగా తెలుసు, దాన్ని దాటించే ఉపాయాలు కూడా తెలుసు. డబ్బు ఎన్ని రోజులు మన దగ్గర ఆగితే అంత నేర్పు అని ఆఫీసులో నేర్చుకున్నది ఇంటి గుమ్మం దాకా వచ్చిందని నేను గుర్తించలేదు.

మోషే ధర్మశాస్త్రం అంత గడువు ఇవ్వలేదు. "ఏనాటి కూలి ఆనాడియ్యవలెను" అని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఉంది. వాడు బీదవాడు గనుక దాని మీద ఆశ పెట్టుకొని ఉంటాడని కారణం కూడా అక్కడే చెప్పబడింది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్న "బిగపట్టిన కూలి" అన్న మాట నన్ను మరీ వెంటాడింది, ఎందుకంటే అక్కడ మొఱ్ఱపెట్టేది ముందుగా ఆ కూలియే. నా పర్సులో, నా బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బే నా మీద ఫిర్యాదు చేస్తుందన్న మాట.

పని సరిగా లేనప్పుడు డబ్బు ఆపడం న్యాయమే కదా అని మా కమిటీ మిత్రుడొకరు అన్నారు. గుత్తకు ఇచ్చిన పనిలో కొంత ఆపుకోవచ్చు, అది ముందే ఒప్పుకున్న లెక్క. కాని రోజు కూలికి పిలిచినప్పుడు మనం కొన్నది ఆ మనిషి రోజును. ఆ రోజు అయిపోయింది, అతను దాన్ని తిరిగి తీసుకోలేడు. తప్పు వచ్చిందంటే దిద్దించుకునే మార్గం వేరే వెతుక్కోవాలి గాని, దాని పేరుతో కూలిని బిగపట్టరాదని నా నమ్మకం.

మా నాయనమ్మది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు కాలంలో, ఆకలితో ఉన్నవారికి పని కల్పించడానికి కట్టించాడు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ కట్టడం చూడడానికి వెళ్లినవారంతా గోపురం ఎత్తును, రంగు అద్దాల కిటికీలను గురించి చెబుతారు. నాయనమ్మ మాత్రం తన తండ్రి అక్కడ రాళ్లు మోసిన సంగతే చెప్పేది. "పొద్దు గూకేలోపట గింజలు కొలిచి పోసేటోళ్లు బిడ్డా, ఆ గింజలతోటే మేం బతికినం" అనేది. నా కుటుంబం విశ్వాసంలోకి వచ్చిన దారి ఆ సాయంకాలపు గింజల గుండా వచ్చింది. ఆ ఇంటి బిడ్డనై ఉండి నేను శనివారం సాయంత్రం ఆ పని చేశాను.

బుధవారం ఉదయం ఆరున్నరకే అడ్డాకు వెళ్లాను. అతను కనిపించలేదు. గురువారం కనిపించాడు, భార్య పక్కనే తట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు, నేను కోప్పడతానని అనుకున్నాడు కాబోలు. ఇద్దరి రెండు రోజుల కూలిని, నా కోసం వస్తే పోయే ఆ రోజు కూలిని లెక్కపెట్టి ఆమె చేతికి ఇచ్చి, శనివారం నేను చేసింది తప్పు, క్షమించండి అని చెప్పాను. అక్కడున్న నలుగురూ చూస్తుండగా చెప్పడం కష్టమైంది. ఆమె నోట్లను రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడి వేసుకొని, "రూమ్ కిరాయికి ఓనరు నిన్న గూడ వచ్చిండు సార్" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ రోజే వారు వచ్చారు. తలుపు మూల దగ్గర నాలుగు టైల్స్ తీసి, కింద మాల్ మళ్లీ పరిచి, దారం కట్టి చూసుకుంటూ అతను మధ్యాహ్నానికి ముగించాడు. ఈసారి చెంబు అతని చేతికే ఇచ్చాను. నీళ్లు తలుపు దగ్గర పోస్తే, మెల్లగా ఒక గీతలా సాగి, జాలీ దగ్గరకు చేరి దిగిపోయాయి. అతని పేరు అడిగి నా ఫోనులో రాసుకున్నాను. శుక్రవారం ఆఫీసులో నా బల్ల సొరుగు తెరిచి, అడుగున పడి ఉన్న బిల్లులన్నీ తేదీల వరుసలో పెట్టి, అన్నిటికంటే పాతదాన్ని, ఊడ్చి తుడిచే మనుషులను పంపే చిన్న కాంట్రాక్టరుది, అన్నిటికంటే ముందుగా సంతకానికి పంపాను.