శ్రీముఖలింగంలో ఇప్పచెట్టు కథ

సర్పంచ్ ఎన్నికల తర్వాత మా ఊరు రెండు ముక్కలైంది. కన్నవారు ఒక పార్టీ, అత్తవారు ఇంకో పార్టీ. రెండిళ్లూ ఒకే ఊళ్లో. చివరికి అమ్మవారి సంబరం కూడా వేరువేరు రోజుల్లో చేశారు. అన్నయ్య కూతురి పెళ్లికి మా ఇంటి నుంచి ఎవరినీ వెళ్లనివ్వలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. శివరాత్రి రద్దీ తగ్గాక శ్రీముఖలింగం బయల్దేరాను.

శ్రీకాకుళంలో బస్సెక్కి నరసన్నపేట మీదుగా వెళ్లాను. వంశధారలో కాళ్లు కడుక్కుని మధుకేశ్వరుడి గుడిలోకి నడిచాను.

అక్కడి స్థలపురాణం అమ్మమ్మ చెప్పేది. శబర తెగ నాయకుడొకడికి ఇద్దరు భార్యలు. ఇప్పపూల దగ్గర రోజూ తగువే. విసిగిపోయి చెట్టు కొమ్మలు చెరొకటి పంచాడు. ఒకామె వైపు రాలిన పూలు బంగారమయ్యాయట. మళ్లీ గొడవ. కోపంతో గొడ్డలెత్తి చెట్టునే నరికాడు. ఆ మొదలులోంచి శివుడు ముఖంతో కనిపించాడంటారు.

ఇన్నాళ్లూ ఈ కథలో నాకు బంగారు పూలే గుర్తుండేవి. ఆరోజు కొమ్మలు పంచిన సంగతే మనసులో తిరిగింది. పంచేస్తే గొడవ ఉండదనే కదా మా పెద్దలూ సంబరాన్ని పంచారు! దేవుడు మాత్రం బంగారం రాలిన కొమ్మలో కాదు, గొడ్డలి పడ్డ చోట కనిపించాడు. ఏడుపొచ్చేసింది. పక్కనున్న ముసలమ్మ "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అంటూ కొంగుతో నా మొహం తుడిచి, కొబ్బరి చెక్క చేతిలో పెట్టింది. ఏ ఊరనీ, ఎవరి అమ్మాయివనీ అడగలేదు. మా ఊళ్లో ఈమధ్య మంచినీళ్లు ఇవ్వాలన్నా ఎటువైపు వాళ్లో చూస్తున్నారు.

మండపంలో చాలాసేపు కూర్చున్నాను. అన్నయ్య మీద కోపం, మా ఆయన మీద కోపం. తవ్వుకుంటూ పోతే అడుగున ఉన్నది భయం, అయినవాళ్లు దూరమైపోతారని. ఆ భయం వాళ్లకీ ఉంటుంది కదా అనిపించాక గుండె కాస్త తేలికైంది.

ప్రసాదం రెండు పొట్లాలు కట్టుకుని, మా ఆయనకు చెప్పే కన్నవారింటికి వెళ్లాను. దాచి వెళ్తే అదో కొత్త గొడవ. వదిన గుమ్మంలోనే "ఇప్పుడా రావడం?" అంది. పెళ్లిలో ఆడపడుచు చేయాల్సినవన్నీ పక్కింటావిడ చేత చేయించుకున్నానని చెప్పి ఏడ్చింది. అడ్డు చెప్పకుండా విన్నాను. అన్నయ్య గదిలోంచి బయటికి రాలేదు.

ఈ ఏడు సంబరం ఒక్కటే చేయమని రెండిళ్లలోనూ అడుగుతున్నాను. మగవాళ్లు ఇంకా ఊ అనలేదు. వదినా నేనూ మాత్రం ఘటాలు కలిసే ఎత్తుతామని చెప్పేశాం.